మ్యాపులో ఉన్న సందు

“ఇదిగో, ఇదే మా సందు. దీనిమీద ఊదారంగు ఎవరు పూశారు? ముందు ఆ మనిషిని పిలు!”

టైలరమ్మ గోడమీది మ్యాపును వేలితో పొడుస్తూ అరిచింది. మిషను మీంచి లేచిన మనిషి లేచినట్టే వచ్చేసింది, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఫోను కంపెనీ షోరూములో ఉన్న నలుగురూ తలలు తిప్పి చూశారు. మ్యాపు పైన బెలూన్లు కట్టిన బ్యానరు, ‘ఊరంతా మెరుపు వేగం!’ అని.

కౌంటర్లో కూర్చున్నావిడ కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా, “ఊదారంగు ఉందంటే సిగ్నల్ ఉన్నట్టేనండీ” అంది.

“ఉందా? ఉన్నట్టా?”

“సిస్టంలో ఫుల్లుగా చూపిస్తోందండీ.”

“నేను కాపురం ఉండేది సిస్టంలో కాదమ్మా! పదిరోజుల కిందటి దాకా ఫోన్ని గుడ్డసంచిలో వేసి కిటికీ ఊచకి కడితే ఒక్క గీతైనా వచ్చేది. ఈ మెరుపేదో మొదలెట్టి మీవాళ్ళు పాత టవరు సామానంతా పీకేశాక అదీ పోయింది. రోడ్డుదాకా నడిచెళ్ళి మూడుసార్లు కంప్లయింటు ఇచ్చాను. మూడుసార్లూ ‘సమస్య పరిష్కారమైంది’ అని మూసేశారు. ఎవరొచ్చి పరిష్కరించారు? మా గుమ్మం తొక్కిన మొహం ఒక్కటి చూపించు!”

“మీ ఫోను పాతదేమో...”

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

“పాతదే! మా ఆయన కిడ్నీలు కూడా పాతవే. అవి మార్చడానికి ఆస్పత్రివాళ్ళు ఏ క్షణంలోనైనా ఫోను చేస్తామన్నారు. జాబితాలో ఆయన పేరు పైకొచ్చింది. ఫోను రాగానే బయల్దేరాలి. అందుకే ఇంత గొంతు చించుకుంటున్నాను, నీతో తగువాడటం సరదా అయి కాదు!”

కౌంటరావిడ మొదటిసారి తలెత్తింది. “వేరే నంబరు ఇవ్వలేదాండీ?” అని నెమ్మదిగా అడిగింది.

“ఆయన నంబరూ ఇచ్చాను. అదీ మీ కంపెనీదే. చూడు, నువ్వే నీ కళ్ళతో చూడు” అంటూ టైలరమ్మ సంచిలోంచి ఫోను తీసి కౌంటరు మీద పెట్టబోయింది. పెట్టకుండానే చెయ్యి ఆగిపోయింది.

తెర నిండా మిస్డ్ కాల్ మెసేజీలు. రోడ్డెక్కాక ఎప్పుడో వచ్చి పడ్డాయి, బస్సుల మోతలో ఆమెకి వినబడలేదు. ఒకే నంబరు నుంచి నాలుగు కాల్స్. అయిదూ పది. అయిదూ పదహారు. అయిదున్నర. అయిదూ యాభై.

వెంటనే ఆ నంబరుకి చేసింది. ఒక్క రింగుకే నర్సు అందుకుంది.

“ఎక్కడికెళ్ళారమ్మా మీరు? తెల్లారకముందు నుంచీ రెండు నంబర్లకీ చేస్తూనే ఉన్నాం. తీసిన కిడ్నీని ఎంతసేపని పెట్టుకుని కూర్చుంటాం? ఆరింటికి తర్వాతి పేరువాళ్ళకి చెప్పేశాం. ఆ మనిషిని థియేటర్లోకి పంపిస్తున్నారు.”

“ఆటోలో ఇప్పుడే తీసుకొచ్చేస్తానమ్మా! పొద్దుట్నుంచీ ఆయన ఏమీ తినను కూడా లేదు...”

“లాభం లేదమ్మా. ఆయన పేరు తీసెయ్యంలే. మళ్ళీ కిడ్నీ వస్తే మీకే ఫోను చేస్తాం.”

“ఏ ఫోనుకి చేస్తారు?” అంది టైలరమ్మ.

అవతల నర్సుని ఎవరో పిలిచారు, ఫోను పెట్టేసింది.

టైలరమ్మ ఫోను దించింది. ఏడుపు రాలేదు. కౌంటరావిడ గ్లాసుతో నీళ్ళు అందించబోతే, “నీళ్ళొద్దు. మేనేజర్ని పిలు” అంది.

పిలవనక్కర్లేకపోయింది. వెనక అద్దాల గది తలుపు తీసుకుని భుజాన బ్యాగుతో మేనేజరు గబగబా వచ్చాడు. తాళంచెవుల గుత్తి కౌంటరు మీద పడేసి, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచాడు. అతనికంటే ముందు టైలరమ్మ వెళ్ళి తలుపు పిడి పట్టుకుని అడ్డంగా నిలబడింది.

“మా సందు కంప్లయింట్లు మూడుసార్లు మూసిందెవరు?”

“అక్కా, నేనివాళ సెలవు. తాళాలివ్వడానికే వచ్చాను. రేపు మాట్లాడదాం...”

“ఎవరు మూశారని అడుగుతున్నాను!”

అతను భుజాన బ్యాగు సర్దుకున్నాడు.

“నేనే. మ్యాపులో రంగుంటే మూసెయ్యమని పైవాళ్ళ ఆర్డరు. వచ్చి చూడాల్సింది, చూడలేదు. తప్పే.”

“తప్పే అనేసి తప్పుకుంటావా? పద మా సందుకి. మా ఆయన మొహంలోకి చూసి, సిగ్నల్ ఉందని ఆ మాట చెప్పు. చెప్పేదాకా ఈ తలుపు తియ్యను.”

మేనేజరు రెండు చేతులూ జోడించాడు.

“రేపు పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటానక్కా. నాలుగు తిట్టండి, పడతాను. ఇవాళ మాత్రం దారివ్వండి. అక్కడ మా అమ్మని థియేటర్లోకి తీసుకెళ్తున్నారు. కిడ్నీ మారుస్తున్నారు. మూడేళ్ళుగా చూస్తున్నాం ఈ రోజు కోసం.”

పిడిమీద టైలరమ్మ చెయ్యి జారిపోయింది. కౌంటరావిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

దారి దొరగ్గానే మేనేజరు తలుపు తోసుకుని మెట్టు దిగాడు. దిగినవాడు, కోపం తగ్గి దారిచ్చిందనుకున్నాడేమో, తడి కళ్ళతో నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

“అసలివాళ మా వంతే కాదక్కా. మాకంటే ముందున్నవాళ్ళకి నాలుగుసార్లు చేశారట, ఎంతకీ ఫోను కలవలేదట!”