మౌనానికి రెండు మార్కులు

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఓదార్పు యంత్రం ఉంది. అది మనుషులతో ఎలా మెలిగిందో విని, ఏడుకు ఎన్ని మార్కులో వేయడం మా పదిమంది పని. ఆ రోజు పూజ ముగించుకుని, అందరం ఒకేలా మార్కులు వేయడం నేర్పే శిక్షణకు కూర్చున్నాను.

రికార్డింగులో బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఏడుస్తోంది. యంత్రం నాలుగు నిమిషాలు ఏమీ అనలేదు. ఆమె తనంతట తానే తేరుకుని, మొదటిసారిగా పాప పేరు చెప్పింది. నేను ఆరు వేశాను.

"శరభయ్యగారూ, మిగతా తొమ్మిదిమందీ రెండే వేశారండీ," అంది శిక్షణ ఇచ్చే ఇందుమతి. "యంత్రం పలక్కపోతే రెండని నిన్ననే అనుకున్నాంగా."

"ఆవిడ పాప పేరు చెప్పగలిగింది కదమ్మా."

"అది మార్కుల స్కేల్లో లేదండీ. పదిమందికీ ఒకటే అనిపించాలి. ఇంకోసారి తేడా వస్తే మిమ్మల్ని తీసేస్తారు. మా నాన్నగారి వయసు మీది, ఆ మాట నాచేత చెప్పించకండి."

"రెండు వేస్తే ఆ యంత్రాన్ని మార్చేస్తారేమో?"

"మార్చేస్తారండీ."

నేను రోజూ పిలిచే దేవుడు కూడా పలకడు. ఆయనకూ రెండేనా అని అడగబోయి ఊరుకున్నాను. ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరిస్తారు? దిద్ది రెండు వేశాను. పదిమందివీ కలిశాయని అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం అదే తల్లి, కొత్త యంత్రం. అది ఆగకుండా ధైర్యం చెబుతోంది. ఆమె మాటమాటకీ "సరేనండీ" అంటోంది. పాప ఊసే ఎత్తలేదు.

పదిమందిమీ ఏడు వేశాం.