తల ఊపిన మనిషి

"సంచీ పట్టీ మళ్ళీ తెగిందా అన్నయ్యా?"

బట్టలు కుట్టే ఆవిడ చెయ్యి చాపింది. నిజానికి అది తెగలేదు. రిటైరైన పోస్టుమాన్ పొద్దున్నే తన చేత్తో తెంపుకుని వచ్చాడు. ఆమె ఎదుట కూర్చోవాలంటే అతనికి ఎప్పుడూ ఒక చిరుగు కావాలి. ఆమె స్టూలు మీద గుడ్డ పరిచి కూర్చోమంది, అడక్కుండానే మంచినీళ్ళిచ్చింది. పదకొండేళ్ళుగా ఆ నీళ్ళు అతని గొంతుకు అడ్డం పడుతూనే ఉన్నాయి. వీధిలో పోతూ ఎవరో తల ఊపితే తానూ ఊపి, దళసరి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు ఆమె, కనబడకుండా పోయినవాళ్ళ సంగతి తేల్చే విచారణ సంఘం ముందుకు వెళ్ళాలి. తిరుగుబాటు రోజుల్లో ఊరి మగవాళ్ళందరినీ సైన్యం బడి మైదానానికి రమ్మంది. అలా వెళ్ళిన ఆమె భర్త, కరెంటు లైన్‌మన్, తిరిగి రాలేదు. ఆ రోజు ఎవర్నీ తీసుకెళ్ళలేదని సైన్యం రిజిస్టరు చెబుతోంది. అదీ అబద్ధం కాదు. యూనిఫాం వాళ్ళు చుట్టూ నిలబడ్డారు, పేర్లు రాసుకున్నారు, ముసలివాళ్ళను నీడన కూర్చోబెట్టారు కూడా. మనుషుల్ని ఏరే పని నంబరు లేని జీపులో వచ్చిన మామూలు బట్టల దళానిది. వాళ్ళకు రిజిస్టరు లేదు. జీపులో ముసుగు తొడిగిన మనిషొకడు ఉన్నాడు. అతను తల ఊపితే చాలు, ఎదురుగా ఉన్నవాడు జీపెక్కాలి.

"సాక్షి లేకపోతే కేసు మూసేస్తారట," అందామె సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"సాక్షి ఉన్నాడు. ఆ ముసుగులో ఉన్నది నేనే తల్లీ."

ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులోనే అతను అంతా చెప్పేశాడు. గడపగడపా తెలిసినవాడని తనను ఈడ్చుకెళ్ళారు. కాదంటే ఇంట్లోవాళ్ళు మిగలరన్నారు. అయినా ఎవరికీ తల ఊపకూడదనే కూర్చున్నాడు. వందమందికి పైగా ఎదురుగా నడిచిపోయినా మెడ బిగబట్టుకునే ఉన్నాడు. అప్పుడు లైన్‌మన్ వచ్చాడు. తిన్నగా ముసుగులోకి చూసి, చిన్నగా నవ్వి, తల ఊపాడు.

"ముప్ఫై ఏళ్ళు వీధులు తిరిగినవాణ్ణమ్మా. ఎవరు తల ఊపినా నా తల దానంతటదే ఊగుతుంది. ఊగింది. ముసుగు మనిషిని ఎవరైనా పలకరిస్తారా? ఎందుకు పలకరించాడో ఈనాటికీ తెలీదు."

రేపు సంఘం ముందు ఇదే చెబుతానన్నాడు. ఊరంతా మొహాన ఉమ్మేసినా తుడుచుకుంటానన్నాడు.

ఆమె పట్టీకి రెండో కుట్టు కూడా వేసి, దారం పళ్ళతో తెంపింది. తలెత్తలేదు.

"ఆ ముసుగు కుట్టింది నేనే అన్నయ్యా. జీపు వాళ్ళే కుట్టించుకున్నారు. మనిషికి సోడాబుడ్డి కళ్ళద్దాలున్నాయి, కళ్ళ దగ్గర పెద్దగా కత్తిరించమన్నారు. ఊళ్ళో అలాంటివి ఇంకెవరికున్నాయి?"

అతని చెయ్యి కళ్ళద్దాల మీదికి పోయింది. తెలిసీ ఇన్నేళ్ళు మంచినీళ్ళిచ్చావా అని అడగబోయాడు. ఆమె సంచీ తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"ఆయన బయల్దేరుతూ భయపడ్డాడు. ముసుగు లోపలున్నది మన అన్నయ్యేలే అని ధైర్యం చెప్పాను."

వంగి, కింద పడ్డ దారం ముక్క ఏరింది.

"కనబడితే పలకరించమన్నాను."