పేరు చెప్పని మూడు రోజులు

"నీ పేరేంది అబ్బీ? కఫీల్ ఎవరు?"

రిగ్గైలోని బడి వరండాలో కలం, కాగితాలు పట్టుకొచ్చిన ఒక మనిషి అడగ్గానే మద్దిలేటికి ఒళ్లు మండింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి రెండు నెలలు. కబ్ద్ తోటలో మేకలు కాసే మద్దిలేటిని వదిలేసి కఫీల్, అంటే యజమాని, సౌదీకి వెళ్లిపోయాడు, అతని పాస్‌పోర్టుతో సహా. పనివాళ్ల పాస్‌పోర్టులు యజమాని దగ్గరే ఉండటం అక్కడి రివాజు.

ఇండియాకు పోయేవాళ్లంతా ఆ బడికి చేరారు. పాస్‌పోర్టు ఉన్న ఆఫీసువాళ్లు రోజూ బస్సెక్కుతున్నారు. లేనివాళ్లు వరండాలో పడి ఉన్నారు. అంతా కాపర్లు, వంటవాళ్లు, ఇళ్లల్లో పనిమనుషులు.

"మన రాయచోటాయనే, పాస్‌పోర్టు ఉన్నోడే. పేరు చెప్పన్నా, పోయేదానికి కాగితం ఇప్పిస్తాడు," అంది పక్కనున్న సంజీవమ్మ.

"పాస్‌పోర్టు ఉండి కూడా బస్సెక్కకుండా ఈడెందుకు కూచున్యాడు? సీట్లు అమ్ముకునే బ్రోకరు," అన్నాడు మద్దిలేటి, అందరికీ వినబడేలా.

ఆ మనిషి కలానికి మూత పెట్టాడు.

"నమ్మకం కుదిరినప్పుడే చెప్పు అబ్బీ. నేను యాడికీ పోను."

వరండాలో మిగతా వాళ్లందరూ పేర్లు చెప్పారు. సాయంత్రానికల్లా తలా ఒక కాగితం వచ్చింది. అందరూ బస్సెక్కి వెళ్లిపోయారు.

మద్దిలేటి ఒక్కడే మిగిలాడు.

రెండో రోజు ఆ మనిషి మళ్లీ అడిగాడు. మద్దిలేటి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు ఆ మనిషి తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు.

"ఇట్లనే కదా మీరు మనుషుల్ని మెత్త చేసేది," అని తోసేశాడు మద్దిలేటి.

నాలుగో రోజు పొద్దున బడి దాదాపు ఖాళీ. మద్దిలేటికి భయం పట్టుకుంది. పేరు చెప్పాడు. మధ్యాహ్నానికి కాగితం చేతికొచ్చింది.

బస్సు కదులుతుంటే ఆ మనిషి గేటు దగ్గర నిలబడి చెయ్యెత్తాడు. మద్దిలేటి మొహం తిప్పుకున్నాడు.

మూడు రోజుల ప్రయాణం. జోర్డాన్ సరిహద్దులో గుడారాల దగ్గర దిగగానే ఒకామె పరుగున వచ్చింది.

"రిగ్గై నుంచేనా అన్నా? నేను ఆసియా బీని. మా ఇంటాయన ఖాసిం వలి రాలేదా? పేర్లు రాస్తాంటాడు."

"ఆయన ఆడ్నే ఉండాడమ్మా." మద్దిలేటి తడబడ్డాడు. "మాదే ఆఖరి బస్సంట."

ఆమె అక్కడే కూలబడింది.

"పాస్‌పోర్టు ఉంది గదమ్మా, ఎందుకు రాలా?"

"దాన్ని కాగితాలిచ్చేటోళ్లు పెట్టుకున్యారు. కాగితాల్లేనోళ్లకు పాస్‌పోర్టు ఉన్నోడు పూచీ పడాలంట. వాళ్లు సరిహద్దు దాటిందాకా పూచీ పడినోడు కదిలేదానికి లేదంట. వాళ్లల్లో ఒక్కరూ మాకు చుట్టాలు కారు. నన్ను మాత్రం ముందే పంపించినాడు."

మద్దిలేటి చేతిలోని కాగితం తిప్పి చూశాడు. కింద ఒక సంతకం ఉంది. అతనికి చదవడం రాదు.

ఆసియా బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సంజీవమ్మతో కబురు చేసినాడన్నా. మేకల కాపరి ఒకడు భయపడి పేరు చెప్పడం లేదు, వాన్నొక్కన్ని వదిలిపెట్టి రాలేను అని. ఆ పిల్లోడన్నా మీ బస్సులో వచ్చినాడా?"