తిరస్కారం

“ఇదుగో, ఇప్పుడు ఏడుస్తాది సూడు,” అన్నాడు ఆనందకుమార్, కాలు మీద కాలు వేసుకుని.

వేదిక మీద ఉత్తమ సహాయనటి అవార్డు అందుకున్న అమ్మాయి నిజంగానే కళ్ళు ఒత్తుకుంది. హాలంతా చప్పట్లు.

“సూసావా? సినిమాలో రావలసిన ఏడుపు ఇక్కడికొచ్చింది.”

పక్క సీట్లో ఉన్న భార్య స్టెఫీ అతని మోచేతి మీద చెయ్యి వేసింది. “మెల్లగా మాట్లాడండి. ముందు వరసలోళ్ళు ఇంటన్నారు.”

“ఇననీ. ఆళ్ళు ఇనాలనే గదా మాటాడతన్నాను!”

అటుపక్క కూర్చున్న జాక్సన్ నవ్వాపుకున్నాడు. అతను స్టెఫీ తమ్ముడు. ఆనందకుమార్ సినిమాలకి కెమెరా అతనే.

విశాఖ బీచ్‌రోడ్డులో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ హాల్లో ఏటా జరిగే ‘కళాతరంగం’ సినీ అవార్డుల సాయంత్రం అది. ఫిషింగ్ హార్బర్ మనుషుల మీద ఆనందకుమార్ తీసిన సినిమాకి ఈసారి దర్శకత్వం, కెమెరా, సంగీతం, దుస్తులు, అన్నింటికీ నామినేషన్లు వచ్చాయి. అంతకుముందు అతను తీసిన సినిమాలని ఈ అవార్డులవాళ్ళు కన్నెత్తి చూడలేదు. ఆ కసి అతనికి ఇంకా చల్లారలేదు. నామినేషన్ వచ్చిందని ఫోన్ చేసినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు: “ఇస్తారు. ఇచ్చినాక సూడండి.”

పొద్దున అద్దం ముందు నిలబడి చెయ్యి ఊపుతూ మాట్లాడుకుంటుంటే స్టెఫీ విన్నది.

“వద్దనుకుంటే ఇంట్లోనే ఉండిపోవచ్చు గదండీ? పిలిచినోళ్ళని అవమానించడమెందుకు?” అంది.

“ఇంట్లో కూకుంటే నాను కాదన్నానని ఎవుడికి తెలుస్తాది?” అన్నాడు.

 ఆమె గాజువాకలో ఉన్న తల్లికి ఫోన్ చేసి, అవార్డుల కార్యక్రమం ఏ చానెల్లో వస్తుందో చెప్పింది. కొత్త చీర తీసి కట్టుకుంది.

ఆ సినిమాకి బట్టల పని స్టెఫీదే. హార్బర్‌లో చేపలమ్మే ఆడవాళ్ళకి కొత్త చీరలిచ్చి, ఉప్పుగాలికి వెలిసిపోయిన పాతవి అడిగి తెచ్చుకుంది. ఎంత ఉతికినా వాసన పోలేదు. హీరోయిన్ ముక్కు మూసుకుని కారవాన్లోంచి దిగనంటే, స్టెఫీ తనే అలాంటి చీర కట్టుకుని షూటింగ్ అయ్యేదాకా ఆమె పక్కనే తిరిగింది. సినిమా పూర్తయ్యాక ఆనందకుమార్ అన్న మాట ఒకటే: “కంపు కెమెరాకి తెలీదు కాబట్టి బతికిపోయాం.”

వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోతున్నారు. ఆనందకుమార్ ఎవర్నీ వదల్లేదు.

కెమెరా అవార్డు వేరే అతనికి వచ్చింది. జాక్సన్ లేచి మరీ చప్పట్లు కొట్టాడు.

“సిగ్గు లేదేట్రా నీకు?”

“బాగా తీసాడు బావా. నాను సూసాను.”

“బాగా తియ్యడం కాదురా, నిర్మాతని బాగా పట్టాడు. ఆ సంగీతం వోడు సూడు, పోర్టులో సైరన్ కూత వాడికన్నా నయం. ఆ ముసిలాయనకి జీవిత సాఫల్యమంట. జీవితమంతా మేకప్ తప్ప మొహం సూసినోడు లేడు...”

స్టెఫీ తలొంచుకుని చీర అంచు సవరించుకుంటోంది. యాంకర్ దేవిశ్రీ మైకులో ఏదో చెబుతూ ఉంది. ఆనందకుమార్ జాక్సన్ వైపు వంగి ఆ ముసలాయన కథ ఇంకా సాగదీస్తున్నాడు. ఇంతలో తన పేరు ఖంగుమని వినిపించింది.

“...దర్శకులు ఆనందకుమార్ గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం!”

హాలు హోరెత్తింది. అతను లేచి కోటు సర్దుకున్నాడు. జాక్సన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, ఆగు. నువ్వు మాటాడకు, ముందు నా మాట...”

“వదల్రా!”

విదిలించుకుని మెట్లెక్కాడు. వెనక తెర మీద ఏవో బొమ్మలు వెలుగుతున్నాయి. అటు తిరగలేదు. దేవిశ్రీ నవ్వుతూ జ్ఞాపికని అతని చేతుల్లో పెట్టింది. దాన్ని తూకం వేస్తున్నట్టు ఓసారి పైకీ కిందికీ ఆడించి, మైకు అందుకున్నాడు. ఇప్పుడతని నోట యాస లేదు.

“ఈ ఇత్తడి ముక్క అందుకోవడానికి సిగ్గు లేకుండా ఉండాలి. ఇవాళ ఇక్కడ దీన్ని పట్టుకుని మురిసిపోయిన వాళ్ళలో పని తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. కాళ్ళు పట్టుకున్నవాళ్ళున్నారు. కన్నీళ్ళు కార్చినవాళ్ళున్నారు. ఏ అర్హతా లేనివాళ్ళని వెతికి వెతికి ఇచ్చే అవార్డు ఇది. ఇది నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు!”

జ్ఞాపికని తీసి, చెప్పులు విడిచినట్టు నేల మీద పెట్టాడు.

చప్పట్లు వస్తాయనుకున్నాడు. రాలేదు. అంత పెద్ద హాల్లో ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. భయపడ్డారు, అనుకున్నాడు. నిజం చెప్పేవాణ్ణి ఇంతవరకూ చూసి ఉండరు.

స్టెఫీ కోసం చూశాడు. ఆమె సీట్లో లేదు. వరసల మధ్య దారిలో, వేదికకి సగం దూరంలో నిలబడిపోయి ఉంది. ఒక చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ కళ్ళలోకి చూసి ఆనందకుమార్ ఛాతీ ఇంకాస్త విరుచుకున్నాడు. మొగుడంటే ఏంటో ఇన్నాళ్ళకి అర్థమైంది దీనికి, అనుకున్నాడు.

దేవిశ్రీ వంగి జ్ఞాపికని నేల మీంచి తీసింది. పమిట చెంగుతో దుమ్ము తుడిచింది. అతని చేతిలోని మైకు పక్కకి జరిపి, అతనికి మాత్రమే వినపడేలా అంది.

“సార్, మిమ్మల్ని పిలిచింది మీ ఆవిడకి అవార్డు ఇవ్వడానికండి.”