తోడేలు చెవుల కూన

అడవిని గడగడలాడించిన తోడేలు రాజు చచ్చిపోయాడు. కుక్కలన్నీ సభ పెట్టుకుని, అతని మీద తామెలా మొరిగామో పిల్లలకు చెప్పుకుంటున్నాయి. చంద్రి అనే కుక్క కూడా తన కూనని వెంటబెట్టుకుని వచ్చింది. కూనకి అచ్చం తోడేలు చెవులే.

పెద్దకుక్క వీరన్న ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అమ్మా చంద్రీ, దీన్ని ఇంటి దగ్గర ఉంచి రావాల్సింది. నలుగురిలో మన పరువేం కాను?"

"రాజు నన్ను రమ్మన్నప్పుడు గుహ దాకా దిగబెట్టింది నువ్వే కదన్నా," అంది చంద్రి. "ఏడవకు, ఆయనకి కోపమొస్తుందని దారంతా చెప్పావు."

వీరన్న తోక ముడిచి పక్కకి తప్పుకున్నాడు. చంద్రి కూనని ముందు వరసలో కూర్చోబెట్టుకుంది.

కాసేపటికి వెనక వరసలోంచి మరో తల్లి లేచింది. ఇన్నాళ్ళూ పొదలో దాచిన తన కూనని పేరు పెట్టి పిలిచింది.