సగం అక్షరం

కువాంగ్ తాత వేలు మళ్ళీ మధ్యలో ఆగింది. ఫోను సగం అక్షరాన్నే పూర్తి అక్షరం అనుకుని తెరమీద వేసేసింది. ఆయన దాన్ని చెరిపేశాడు. మధ్యాహ్నం నుంచి ఇదే పని.

బయట ముసురు. వృద్ధుల మండలి గది నిండా తడి గొడుగుల వాసన. పక్క గదిలో మాజాంగ్ ఆట పావుల చప్పుడు. పెద్దవాళ్ళకు ఫోను వాడకం నేర్పడానికి పెంగ్ టీచరు ఈ వారమే చాంగ్‌షా నగరం నుంచి వచ్చింది. అప్పుడే అలిసిపోయింది.

పొద్దున కువాంగ్ తాత ఆమెను వరండాలో ఆపాడు. ఒక మనిషికి ఇవాళే కబురు పంపాలన్నాడు. రేపు తొలి బండికి ఆ మనిషి ఊరు విడిచి వెళ్ళిపోతోంది. వెళితే మళ్ళీ రాదు.

"ఫోను చేసి మాట్లాడొచ్చు కదా తాతగారూ?"

"మా మధ్య మాటల్లేవు. ఈ జన్మకు నోరు విప్పి మాట్లాడనని నలుగురిలో అన్నాను. అన్నది అన్నదే."

"ఎన్నాళ్ళయింది?"

"ముసలివాళ్ళం కావడానికి సరిపడా."

మొదట ఆమె అందరికీ చూపించే పద్ధతే చూపించింది. మాట ఎలా పలుకుతామో ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, ఫోను చీనా అక్షరాలు చూపిస్తుంది. కానీ ఆ పలుకు బీజింగు పలుకై ఉండాలి. కువాంగ్ తాతకు వచ్చింది కొండ యాస. ఆయన చదివిన బడిలో పంతులుకే బీజింగు మాట రాదు. ఆ పద్ధతి అక్కడితో సరి.

పోనీ మీరు చెప్పండి, ఫోనే రాసుకుంటుంది అంది. ఆ మాట ఈ గదిలో పైకి చెప్పనన్నాడు. ఇక మిగిలింది వేలితో తెరమీద రాయడం. అది బతుకంతా సున్నం పిసికిన వేలు. గీత గీతకూ ఆగుతుంది.

వెనక బల్ల దగ్గర లియావ్ అవ్వకు ఈ కష్టాలేవీ లేవు. మైకు నొక్కి అదే కొండ యాసలో చెల్లెలికి కేకలు పంపుతోంది. పరుపు దులిపి పెట్టమంటుంది. ఎండ రాకపోతే పొయ్యి పక్కన ఆరబెట్టమంటుంది. చెల్లెలూ అలాగే తిరిగి కేకలు పంపుతుంది.

"టీచరమ్మా, ఆయనకు చెప్పు," అంది లియావ్ అవ్వ. "మైకు నొక్కి వాగితే అయిపోయేదానికి ఆ గీతలెందుకు? అవి పూర్తయ్యేదాకా చదివేవాళ్ళు బతికుండొద్దూ?"

ఎవరూ నవ్వలేదు. తలలు వంచుకుని తమ తమ ఫోనుల్లోకి చూశారు.

కువాంగ్ తాత వెనక్కి తిరగలేదు. "నోరుందని వాడేవాళ్ళని చాలామందిని చూశానని చెప్పు టీచరమ్మా."

ఈ ఊళ్ళో పెద్దవాళ్ళంతా టీచరు మీదుగానే మాట్లాడుకుంటారు కాబోలు అనుకుంది పెంగ్. కాళ్ళు లాగుతున్నాయి. ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని లోపలి అమరికలు వెతికింది. వేలు ఎత్తాక ఎంతసేపు ఆగాలో చెప్పే గీత ఒకటి దొరికింది. కుర్రవాళ్ళ వేగానికి పెట్టి ఉంది. దాని మీది చుక్కను చివరిదాకా జరిపింది.

"ఇక తొందరపెట్టదు. నిదానంగా రాయండి."

"దీనికి ఓపిక కూడా ఉంటుందా?"

"పెడితే ఉంటుంది తాతగారూ."

ఆయన వేలు చొక్కాకు తుడుచుకున్నాడు. ఒక గీత. ఆగాడు. ఫోనూ ఆగింది. ఇంకో గీత. చివరికి అక్షరం నిలబడింది. దాని పక్కన రెండోది. పెంగ్ వంగి చూసింది. 'వెళ్ళకు' అని ఉంది.

క్షమించమని కూడా రాస్తారా అని మెల్లగా అడిగింది.

"అంత పెద్ద అక్షరాలు నాకు రావు."

వేళయింది. అందరూ గొడుగులు వెతుక్కుంటున్నారు. ఆయన ఒకసారి కళ్ళు మూసుకుని, ఆమె చూపించిన చోట నొక్కాడు.

వెనక బల్ల దగ్గర ఆయన భార్య లియావ్ అవ్వ సంచిలో ఫోను మోగింది.