బొట్టు పెట్టిన మీట

గ్యాస్ బండలాగే ఇంటింటికీ ఒక తుపాకీ తప్పనిసరైన కాలం అది. దాని పక్కనున్న మీట ఒక చుక్క దగ్గరుంటే, ట్రిగ్గరు నొక్కినప్పుడు ఒక్క తూటానే పేలుతుంది. అది ఇంటి సామాను. రెండు చుక్కల దగ్గరికి జరిగితే తూటాల వానే. అలాంటిది ఇంట్లో ఉంటే జైలు.

ఆయుధపూజ నాడు వసుంధర మిక్సీకీ, కత్తిపీటకీ, స్కూటరుకీ బొట్లు పెట్టి, చివర్న తుపాకీకీ పెట్టింది. కుంకుమ వేలి కింద మీట టక్కున జరిగింది. తనిఖీ ఆఫీసుకి కబురు వెళ్లిపోయినట్టు గోడ మీద ఎర్రదీపం వెలిగింది.

వెనక్కి జరపబోతే భర్త రాఘవులు చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకే! సాక్ష్యం చెరిపేశామంటారు. లైసెన్సు నా పేరనేగా, జైలుకి నేను వెళ్తాలే."

పులిహోర చల్లారకముందే తనిఖీ ఆవిడ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, తుపాకీ వైపు చూసి నిట్టూర్చింది.

"ప్రతి దసరాకీ ఇదే గోలమ్మా. మా ఇంట్లో దానికి దూరం నించే అక్షింతలు వేస్తాం."

"పొరపాటని మీకు తెలుసు కదండీ!" అంది వసుంధర.

"నాకు తెలిస్తే ఏం లాభం? దానికి తెలీదుగా," అంటూ ఆవిడ ఎర్రదీపం చూపించింది.

రాఘవులు చొక్కా తొడుక్కున్నాడు. పండగపూట ముత్తైదువను బొట్టు పెట్టకుండా పంపకూడదు. వసుంధర అదే వేలితో ఆవిడ నుదుట కుంకుమ దిద్దింది.